బొమ్మలు అరవని సీన్

"నాన్నా, వాళ్ళు ఎందుకు అరవట్లేదు?" అంది పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

టాయ్ స్టోరీ 3, ప్రాణమున్న బొమ్మల యానిమేషన్ సినిమా. చెత్త కాల్చే మంటల వైపు బొమ్మలన్నీ జారిపోతున్నాయి. ఇంక దారి లేదని వ్యోమగామి బొమ్మ బజ్‌కి అర్థమైపోయింది. మాట్లాడకుండా కౌగర్ల్ బొమ్మ జెస్సీ చెయ్యి అందుకున్నాడు. తర్వాత ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు. అందరికన్నా చివర కౌబాయ్ బొమ్మ వుడీ.

పిల్లల సినిమాలో ఇంత ధైర్యంగా సీన్ రాసినవాళ్ళకి దండం పెట్టాలి. 2010లో వచ్చింది, ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. పాపకి సమాధానం చెప్పలేదు, చెప్పే స్థితిలో లేను కాబట్టి.

1995లో మొదటి భాగం వచ్చినప్పుడు, పూర్తిగా కంప్యూటర్‌లో తీసిన తొలి ఫుల్ లెంగ్త్ సినిమా అదే. అప్పటి కంప్యూటర్లకి మనిషి చర్మం, జుట్టు సరిగ్గా వచ్చేవి కావు. ప్లాస్టిక్ మాత్రం బాగా వచ్చేది. అందుకే ఇప్పుడు చూస్తే ఆ బొమ్మలతో ఆడుకునే పిల్లాడు ఆండీ మొహం కాస్త వింతగా ఉంటుంది కానీ బజ్ మాత్రం నిన్న కొన్నట్టే మెరుస్తుంటాడు.

టెక్నాలజీ సరే. కానీ నన్ను పట్టేసింది వుడీ భయం. పిల్లాడు పెద్దవాడైపోతాడు, మన అవసరం తీరిపోతుంది. చిన్నప్పుడు నేను ఆండీ వైపు నుంచి చూశాను. ఇప్పుడు ఏ వైపు నుంచి చూస్తున్నానో వేరే చెప్పాలా!

మూడో భాగంతో ఆపేసి ఉంటే బాగుండేదని నా గొడవ. పాప ఒప్పుకోదు. నాలుగో దాంట్లో ఫోర్కీ ఉన్నాడట. చెత్తలోంచి తీసిన, ఫోర్క్‌లా పళ్ళున్న ప్లాస్టిక్ స్పూన్‌కి కళ్ళు అతికిస్తే హీరో అయిపోయాడు. సరే, ఈ ఒక్క పాయింట్ తనదే.