సార్ దిగారు, విమానం దిగనంది

విమానం నేర్చుకుంటూ మొదటిసారి ఒంటరిగా ఎగరాల్సిన రోజు (సోలో) మూడు రౌండ్లు కొట్టించి, ఇన్‌స్ట్రక్టర్ తలుపు తీసుకుని దిగిపోయారు. ఆయన ఎనభై కిలోలుంటారు. ఆ బరువు లేకపోతే మా చిన్న విమానం సెస్నా 172 చురుగ్గా లేస్తుందని ముందే ఊహించాను, లేచింది. అసలు తంటా దిగేటప్పుడు వచ్చింది. రోజూ పట్టే 65 నాట్స్ (గంటకు దాదాపు 120 కి.మీ.) వేగమే పట్టుకుని వచ్చి, రన్‌వే మీద ముక్కు ఎత్తాను. బండి నేలకు తగిలితేగా! మీటరు ఎత్తులో తేలుతూనే ఉంది. పక్కనున్న దీపాలు ఒకటి, రెండు, మూడు వెనక్కి పోయాయి.

ఆపి రాగానే సార్ ఒకటే అడిగారు. "బరువు తగ్గిందిగా, వేగం తగ్గించావా?"

రెక్కకు నాట్స్ తెలియవు. ఎదురొచ్చే గాలికి తనెంత వాలుగా ఉందో, ఆ యాంగిల్ ఆఫ్ ఎటాక్ ఒక్కటే దానికి లెక్క. బరువెంతున్నా స్టాల్ అయ్యే, అంటే రెక్క పట్టు తప్పి మోయలేకపోయే కోణం మారదు. ఆ కోణంలో బరువు మోయడానికి కావలసిన వేగం మారుతుంది, అదీ బరువుకు వర్గమూలంగా. విమానం మొత్తం బరువు 2200 పౌండ్లలో సార్ బరువు 176 పోతే 8 శాతం తగ్గినట్టు. వేగంలో 4 శాతం. అంటే 62 చాలేది. మూడంటే మూడు నాట్స్!

ఇంజిన్ ఆగితే బరువైన విమానం దగ్గర్లోనే పడుతుందనీ అనుకునేవాణ్ణి. తప్పు. వెనక్కి లాగే డ్రాగ్‌తో పోలిస్తే పైకెత్తే లిఫ్ట్ అన్నిటికన్నా ఎక్కువగా కుదిరే కోణం ఒకటుంటుంది. అది పట్టుకుంటే, గాలి వీయని రోజున, బరువైనదీ తేలికదీ ఒకే చోటికి చేరతాయి. బరువైనదే ముందు చేరుతుంది. పోటీల్లో గ్లైడర్ల (ఇంజిన్ లేకుండా తేలే విమానాల) రెక్కల్లో నీళ్లు నింపేది ఇందుకే. దిగేముందు వదిలేస్తారు.

మాలాంటి ప్రొపెల్లర్ బండి పొదుపుగా ప్రయాణించడానికీ ఆ కోణమే. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ కోణం చెడకుండా ఉండాలంటే వేగం తగ్గించుకోవాలి. పెద్ద జెట్లకు అది నచ్చదు. అవి సాధారణంగా 2000 అడుగుల చొప్పున మెట్లెక్కుతూ పోతాయి. పైన గాలి పలచన కాబట్టి వేగం తగ్గించకుండానే పాత కోణం దొరుకుతుంది. మా బండిలో ఆ కోణానికి సరిపడే 65తో ఊరు చేరడమంటే నిద్రొస్తుంది. 1980లో కార్సన్ అనే ప్రొఫెసర్ ఆ వేగానికి 1.32 రెట్లు పట్టమన్నాడు, అంటే దాదాపు 86. తాగిన చుక్కకు దక్కే వేగం చూస్తే అదే లాభమట. నేను మాత్రం 105లో పోతాను, ఓపిక లేక.

దిగేటప్పుడు మాత్రం మోకాలి పలకకు అంటించిన చీటీ చూసుకుంటాను: 2200కి 65, 2000కి 62, 1800కి 59.