పదకొండు గంటలు, అరవై అడుగులు: ఫ్లోరిడా కీస్‌లో నా టార్పన్ అనుభవం

ఫ్లోరిడా దక్షిణ కొసన వరసగా ఉండే కీస్ దీవుల్లోని ఇస్లామొరాడా నుంచి నిన్న రాత్రి తిరిగొచ్చాం. భుజాలు పట్టేశాయి, ముక్కు మీద తోలు ఊడుతోంది. అయినా కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. కీస్‌లో గైడ్‌ని మాట్లాడుకుని టార్పన్ పట్టడానికి వెళ్ళేవాళ్ళకి ఏ రాడ్డు, ఏ రీలు, ఏ నెల అని చెప్పేవాళ్ళు బోలెడుమంది. డబ్బు కట్టిన మనిషి పడవ ముందు నిలబడి ఎలా తిట్లు తింటాడో మాత్రం ఒక్కరూ చెప్పరు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. టార్పన్ అంటే మనిషిని మించి పెరిగే వెండి పొలుసుల చేప. దీని జాతిదే చిన్నది ఒకటి మన వైపు నదీముఖాల్లో, ఉప్పునీటి కాలవల్లోనూ ఉంది కానీ, ఈ అట్లాంటిక్ చేప లెక్క వేరు. యాభై ఏళ్ళ పైన బతుకుతుంది. మధ్యమధ్య పైకొచ్చి గాలి మింగి పోతుంది. గాలం తగిలిందంటే ఒళ్ళంతా నీళ్ళలోంచి ఎగరేసి తల విదిలిస్తుంది. ఆ ఎగురుడు చూడడానికే ఇంత ఖర్చూ. తినడానికి కాదు, ఒళ్ళంతా ముళ్ళే. పైగా 2013 నుంచి ఫ్లోరిడాలో దీన్ని పట్టి వదిలేయాల్సిందే. ప్రపంచ రికార్డు కోసమైతే ట్యాగ్, అంటే అనుమతి చీటీ, కొనుక్కుని ఏడాదికి ఒకటి ఉంచుకోవచ్చు. ఆ రికార్డేమో 2003లో గినీ-బిస్సావులో పట్టిన 286 పౌండ్ల చేప. అంటే 130 కిలోలు. ఆ ట్యాగ్ జోలికి మనం పోనక్కర్లేదు. మా అమ్మ ఫోన్లో "అంత డబ్బు పోసి పట్టుకుని మళ్ళీ నీళ్ళలోనే వదిలేశావా నాయనా?" అంది. ఏం చెప్పను?

బుకింగ్ తేలిగ్గానే అయింది. మే, జూన్ నెలల్లో మంచి గైడ్లు ఏడాది ముందే నిండిపోతారు. ఎవరో మానేసుకుంటే ఆ రోజు మాకు దొరికింది. సగం అడ్వాన్సు పంపాం. చేపలు పట్టే లైసెన్సు బాధ లేదు. గైడ్‌కి చార్టర్ (అద్దె పడవ) లైసెన్సు ఉంటే పడవలో ఉన్నవాళ్ళందరికీ అదే సరిపోతుంది, కాబట్టి దారిలో ఎర కొట్టువాడు అంటగట్టబోతే కొనకండి. ఆ గైడ్‌కి కోస్ట్ గార్డ్ ఇచ్చే కెప్టెన్ లైసెన్సు ఉందో లేదో మాత్రం ముందే అడగండి. అడిగితే నొచ్చుకునేవాడి పడవ ఎక్కకండి.

అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. అది నాకు ఎవరూ చెప్పలేదు, ఆ గైడూ చెప్పలేదు. టార్పన్ వేట రెండు రకాలు. ఒకటి వంతెన కిందో, లోతు కాలవలోనో లంగరు వేసి, బతికున్న ఎర వదిలి కూర్చోవడం. రెండోది ఫ్లాట్స్, అంటే మొలలోతు తేట నీళ్ళ మీద చప్పుడు లేకుండా గడ వేసుకుంటూ పోయి, చేపని కళ్ళతో చూసి, దాని ముందుకి ఎర విసరడం. ఈ రెండోది చేతిలో విద్య ఉన్నవాళ్ళది. "టార్పన్ ట్రిప్, పూర్తి రోజు" అని ఒకటే మాట, ఒకటే రేటు చెప్పి, ఎప్పుడూ రాడ్డు పట్టని మనిషిని తీసుకెళ్ళి ఫ్లాట్స్ మీద నిలబెట్టడం దగా కాక ఏమిటి?

తెల్లారకముందే రేవుకి వెళ్ళాం. నేనూ, మయామీలో ఉండే మా బావమరిదీ. మొదటి దెబ్బ అక్కడే పడింది. మా ఆవిడ కట్టిచ్చిన సంచిలో పులిహోరతోపాటు అరటిపండ్లున్నాయి. అవి చూసి ఆ మనిషి ముఖం మాడిపోయింది. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని ఇక్కడి వేటగాళ్ళకి పెద్ద పట్టింపు. పండ్లన్నీ తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసి వచ్చాడు. మనకి పెళ్ళయినా పూజయినా అరటిపండు లేకుండా జరగదు. వాళ్ళ నమ్మకం వాళ్ళది, సరే. పారేసే ముందు ఒక్కమాట అడగొచ్చు కదా!

పడవ పదిహేడు, పద్దెనిమిది అడుగులుంటుంది. వెనక ఇంజను పైన ఒక మంచె. గైడ్ ఆ మంచెక్కి పొడుగాటి గడతో పడవ తోస్తాడు. అంత ఎత్తు మీంచి అతనికి నీళ్ళడుగు గడ్డిపోచ కూడా కనిపిస్తుంది. నేను ముందు, నీళ్ళకి అడుగున్నర పైన. చేతిలో స్పిన్నింగ్ రాడ్డు, గాలానికి బతికున్న పీత. కంటి ముందు ఎండ మెరుపు తప్ప ఏమీ లేదు.

"పదకొండు గంటలు! అరవై అడుగులు!" అని వెనకనుంచి అరుపు.

ఇది వాళ్ళ భాష. పడవ ముక్కు పన్నెండు, కుడిచెయ్యి వైపు మూడు, ఎడమచెయ్యి వైపు తొమ్మిది. వినడానికి సులువే. కానీ పడవ ఒకచోట ఆగి ఉండదు. గాలికీ, గడ తోపుకీ తిరుగుతూనే ఉంటుంది. అతను పదకొండు అన్నది నేను వెతికేలోపు పదవుతుంది. పైగా నేను చేపని వెతుకుతున్నాను, వెండిలా మెరిసే చేపని. పైనుంచి చూస్తే టార్పన్ వెండిలా ఉండనే ఉండదు. నీళ్ళలో మునిగిన తాటిదుంగల్లా నల్లగా, పచ్చగా, ఒకదాని వెనక ఒకటి కదిలిపోతాయి. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే సగం బాధ తప్పేది.

"చూశావా?"

"లేదు."

"పది గంటలు! నలభై! ఇప్పుడు?"

"ఎక్కడ?"

"ముప్పై! నీ ముందే! విసురు, విసురు!"

ఎటు విసరమంటావు నాయనా? అతను చూపించిన వైపే విసిరాను. పీత వెళ్ళి సరిగ్గా గుంపు నెత్తిన పడింది. అప్పుడు కనిపించాయి చేపలు. నీళ్ళు ఒక్కసారి ఉబికాయి, తెల్లటి మట్టి పొగలా లేచింది, నల్లటి నీడలన్నీ చెల్లాచెదురై పోయాయి. చేప వచ్చే దారిలో దానికి ఏడెనిమిది అడుగుల ముందు ఎర పడాలట, అది ఈదుకుంటూ వచ్చి ఎరని కలుసుకోవాలట. ఈ సంగతి నాకు చెప్పింది ఆ గైడ్ కాదు, మర్నాటి గైడ్. ఇతను మంచె మీద నుంచి ఆకాశంకేసి చూసి ఒక బూతు మాట అన్నాడు. తర్వాత, నీ కళ్ళు పనిచేస్తాయా అని అడిగాడు.

నాకు మెల్లకన్ను లేదు, అద్దాలు సరైనవే. నీళ్ళ మీద మెరుపు తగ్గించే రాగిరంగు పోలరైజ్డ్ అద్దాలు కొనుక్కునే వెళ్ళాను. మా బావమరిది వెనక ఐస్‌బాక్సు మీద కూర్చుని "బావా, అదిగో బావా, అటు కాదు బావా" అంటూ ఫోన్లో వీడియో తీస్తున్నాడు. వాడికీ కనిపించడం లేదని తర్వాత ఒప్పుకున్నాడు. గైడ్ అరుపులు మాత్రం స్పష్టంగా రికార్డయ్యాయి.

ఇలా మధ్యాహ్నం దాకా సాగింది. పదకొండు, ఒంటిగంట, తొమ్మిది అని ఆ మనిషి గడియారం చదువుతూనే ఉన్నాడు. ప్రతి అరుపుకీ నా గుండె దడదడ, చేతులు వణుకు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పగించేటప్పుడు కూడా ఇంత టెన్షన్ పడలేదు. ఆఖరికి మంచె దిగి వచ్చి, నా చేతిలోంచి రాడ్డు లాక్కుని తనే విసిరాడు. ఒక్క విసురుకే చేప అందుకుంది. రాడ్డు వంగిపోయింది. అప్పుడు నావైపు తిరిగి "ఇంద, పట్టుకో" అని చాచాడు, పిల్లాడికి పీచుమిఠాయి ఇచ్చినట్టు.

నేను పట్టుకోలేదు. "నువ్వు పట్టిన చేప నువ్వే లాగు" అని పులిహోర డబ్బా తెరిచాను. ఇప్పటికీ ఆ పని చేసినందుకు నాకు గర్వంగానే ఉంది. రాడ్డు మా బావమరిది అందుకున్నాడు. చేప రెండుసార్లు ఎగిరి గాలం ఉమ్మేసింది.

రేవుకి వచ్చాక మిగతా సగం లెక్కపెట్టి ఇచ్చాను. టిప్ ఇవ్వలేదు. ఇక్కడ అది మహాపరాధమని తెలుసు. పదిహేను నుంచి ఇరవై శాతం ఇవ్వడం ఆనవాయితీ. కస్టమర్‌ని తిట్టకుండా ఉండడం కూడా ఆనవాయితీయే అనుకుంటా.

మనిషికి పనితనం ఉంటే చాలదు, చెప్పడం రావాలి. మన దగ్గర కూడా ఇలాంటి మాస్టార్లు ఉంటారు. లెక్క వాళ్ళకి వచ్చు, పిల్లాడికి రాకపోతే బెత్తం అందుకుంటారు. ఆ గైడ్ గొప్ప వేటగాడే, కాదనను. వేటగాడికైతే నేనెందుకు డబ్బివ్వాలి?

ఆ రాత్రి మా బావమరిది ఆఫీసు స్నేహితుడు ఇంకో గైడ్‌ని కుదిర్చాడు. పెద్దాయన, మర్నాడు సాయంత్రం ఖాళీగా ఉన్నాడు. రేవులో ఆయన అడిగిన మొదటి మాట "ఇంతకు ముందు పట్టారా?" అని. జరిగిందంతా చెప్పాను. నవ్వి, నా చేతికి రాడ్డిచ్చి, దారం కొస తాను పట్టుకుని రేవు చెక్కల మీద పరుగెత్తాడు. ఉన్నట్టుండి ఎగిరి "ఎగిరాను! వంగు!" అన్నాడు. టార్పన్ ఎగిరినప్పుడు రాడ్డు దానివైపు చాచి, వంగి, దారం వదులు చేయాలి. దాని నోరు గట్టి ఎముక, గాలం లోతుగా దిగదు. బిగువుగా ఉన్న దారం మీద అంత బరువు పడితే తెగుతుంది, లేదా గాలం ఊడుతుంది. చుట్టుపక్కలవాళ్ళు చూసి నవ్వుతున్నా పట్టించుకోకుండా, నేను వంగడం నేర్చుకునేదాకా ఆయన ఎగురుతూనే ఉన్నాడు.

దారిలో ఒక చోట చేపలు పైకొచ్చి గాలి మింగుతున్నాయి. ఆయన గంటలూ అడుగులూ చెప్పలేదు. "నీ రాడ్డు చాచు" అన్నాడు. చాచాను. "కుడికి. ఇంకా కుడికి. ఆపు. ఇప్పుడు రాడ్డు కొస వెంబడే చూడు." కనిపించాయి! నాలుగైదు నల్లటి వీపులు, స్పష్టంగా. ముందురోజు పొద్దుటినుంచీ మధ్యాహ్నం దాకా కనపడనివి.

సముద్రం పాటు (నీళ్ళు దిగడం) మొదలయ్యేసరికి చానల్ ఫైవ్ వంతెన దగ్గరికి చేరాం. దిగిపోయే నీళ్ళతో పీతలు కొట్టుకొస్తాయి, టార్పన్లు కాచుకుని ఉంటాయి. లంగరు తాడుకి ఒక పెద్ద బంతి కట్టి ఉంది. ఎందుకంటే, చేప తగలగానే ఆ తాడు విప్పేసి దాని వెంట పడాలి, లేకపోతే అది వంతెన స్తంభాల మధ్యకి దూరి దారం కోసేస్తుంది. పీత పెంకు మూలలో గాలం గుచ్చి నీళ్ళలోకి వదిలాడు. "తగిలితే రాడ్డు విదిలించొద్దు, ఊరికే రీలు తిప్పు" అన్నాడు. అది సర్కిల్ గాలం, అంటే మొన లోపలికి గుండ్రంగా వంగినది, దానంతట అదే దవడ మూలకి ఎక్కుతుంది.

తగిలింది. తిప్పాను. రీలు కీచుమంది. అంతలో వంతెన నీడలోంచి చేప లేచింది, నిలువునా, మొప్పలు ఎర్రగా విచ్చుకుని గలగలలాడుతూ. నేను వంగాను! పెద్దాయన బంతి విప్పి ఇంజను వేశాడు. తర్వాత కాసేపు ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు, భుజాలకి మాత్రం గుర్తుంది. రాడ్డు నిటారుగా ఎత్తి పట్టుకుంటే చేప ఊపిరి తీసుకుంటుందట. నీళ్ళకి దగ్గరగా దించి, అది ఎటు పోతుంటే దానికి ఎదురు పక్కకి లాగాలి. ఎంత త్వరగా లాగితే చేపకి అంత మంచిది, అలిసిపోయిన చేప సొరచేపల పాలవుతుంది. చివరికి ఆయన చెయ్యి లీడర్‌కి, అంటే గాలం దగ్గరుండే లావాటి దారానికి, తగిలింది. అది తగిలితే పట్టినట్టే లెక్క. నలభై అంగుళాలు దాటిన టార్పన్‌ని నీళ్ళలోంచి ఎత్తకూడదని రూలు. కాబట్టి పడవ అంచు మీంచి వంగి, కింది దవడ పట్టుకుని, నీళ్ళలోనే ఫొటో. వంద పౌండ్లు దాటుతుందన్నాడు. దవడ గరుకుకాగితంలా ఉంది, బొటనవేలు ఇంకా మండుతోంది. కాసేపు పడవ నెమ్మదిగా పోనిచ్చి మొప్పల్లోకి నీళ్ళు ఆడనిచ్చాడు. ఒక్క తోక దెబ్బతో నా ముఖం తడిపేసి పోయింది.

తర్వాత వంతు మా బావమరిదిది. వాడికీ పెద్దదే తగిలింది. పడవ దగ్గరికి వచ్చేసరికి వెనకాల ఒక హామర్‌హెడ్ సొరచేప రెక్క లేచింది. పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించలేదు, రీలు చేత్తో బిగబట్టి దారం తెంపేశాడు, చేప తప్పించుకోవాలని. మంచి గైడ్ గుర్తు అదే. ఫొటో పోయిందని బావమరిది మూతి ముడుచుకున్నాడు. ఈసారి వీడియో నేను తీశాను, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా అత్తగారు వెంటనే ఫోన్ చేసి, "సొరచేపలున్న చోటికి వాణ్ణెందుకు తీసుకెళ్ళారు అల్లుడుగారూ" అని నామీదే పడ్డారు.

వెళ్ళేవాళ్ళు బుకింగ్ ఫోన్లోనే అడగండి: వంతెనా, ఫ్లాట్సా? కొత్తవాళ్ళైతే వంతెన, సాయంత్రం నీళ్ళు దిగే వేళ. ఫ్లాట్సే కావాలంటే ముందు ఇంటి దగ్గర పార్కులో నేల మీద పళ్ళెం పెట్టి అరవై అడుగుల నుంచి విసరడం నేర్చుకోండి. గాలి బాగా ఉంటే రద్దు ఎవరు చేయాలి, అప్పుడు అడ్వాన్సు వెనక్కొస్తుందా అని మెసేజ్‌లో రాయించుకోండి. టిప్ నోట్లు విడిగా జేబులో పెట్టుకోండి. పెద్దాయనకి నేను ఇరవై శాతం ఇచ్చి, మొదటివాడికి ఇవ్వనిది కూడా అందులోనే కలిపేశాను.