యాంటీబాడీలు నిండుగా ఉన్నా సర్పి ఎందుకు లేస్తుంది?

కందుకూరు వెళ్లినా ఆత్మకూరు వెళ్లినా వినపడే మాట ఒకటే: సర్పి (షింగిల్స్) తలా తోకా కలిస్తే మనిషి దక్కడు. అసలు కలవదు. వెన్ను నుంచి బయల్దేరిన ఒక్కో నరం ఒంట్లో ఒక పక్కనే పట్టీలా అల్లుకుంటుంది. పొక్కులు ఆ నరం దారినే వస్తాయి కాబట్టి పొట్ట మధ్యకొచ్చి ఆగిపోతాయి. రెండు పక్కలా, లేదా ఒళ్లంతా చెదురుమదురుగా లేచాయంటే మాత్రం టీ కణాలు (వైరస్ మీద కాపలా కాసే తెల్ల రక్తకణాలు) దెబ్బతిన్నాయేమో చూసుకోవాలి. షుగర్‌తో పాటు హెచ్ఐవీ పరీక్షా చేయించాలి.

సర్పి కొత్తగా అంటుకొచ్చే జబ్బు కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వారిసెల్లా జోస్టర్ వైరస్ వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో దాక్కుని, ఏ యాభై ఏళ్లకో మళ్లీ లేస్తుంది. తమాషా ఏమిటంటే, సర్పి లేచిన పెద్దాయన రక్తంలో ఆ వైరస్ మీద యాంటీబాడీలు నిండుగానే ఉంటాయి. ‘ఐజీజీ (యాంటీబాడీ పరీక్ష) పాజిటివ్, ఇక నాకు రాదు’ అనుకుంటే పొరపాటే. ఆ పరీక్షకు పెట్టిన డబ్బు దండగ. యాంటీబాడీ అనేది కణానికి బయట తిరిగే వైరస్‌ను పట్టుకుంటుంది, కణం లోపలికి దూరినదాని జోలికి పోలేదు. పుట్టుకతో యాంటీబాడీలు తయారుకాని పిల్లలు చాలావరకు ఆటలమ్మను తట్టుకుంటారు. టీ కణాలు లేని పిల్లలకు అదే ప్రాణం మీదకొస్తుంది.

ప్రతి కణమూ తనలో తయారయ్యే ప్రొటీన్లను 8-10 అమైనో ఆమ్లాల ముక్కలుగా తరిగి, ఎంహెచ్‌సీ-1 అనే పళ్లెంలో పెట్టి పైకి చూపిస్తుంటుంది. టీ కణాల్లో చంపే రకమైన సీడీ8 టీ కణం ఆ ముక్కనూ పళ్లేన్నీ కలిపే గుర్తుపడుతుంది. 1974లో జింకర్‌నాగెల్, డోహర్టీ అనే శాస్త్రవేత్తలు తేల్చింది ఇదే, 1996లో నోబెల్ వచ్చిందీ దీనికే. వైరస్ ముక్క కనపడితే పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో కణం పొరకు బెజ్జం పొడిచి, గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లు లోపలికి పంపి కణాన్నే చంపేస్తుంది. చర్మం కణం చస్తే ఇంకోటి పుడుతుంది. మరి నరం కణం చస్తే? అక్కడ వరస వేరు. ఎలుకల్లో, దీని దాయాది హెర్పిస్ సింప్లెక్స్ మీద చూసినప్పుడు, గ్రాంజైమ్-బి నరం కణాన్ని చంపకుండా వైరస్ నిద్ర లేవడానికి కావాల్సిన ప్రొటీన్‌ను మాత్రం కోసేసింది. దొంగను పట్టుకోవడానికి ఇల్లు తగలబెట్టకుండా, చేతిలో గునపం లాక్కున్నట్టు.

టీ కణాల్లో ఇంకో రకమైన సీడీ4 కణాలు ఎక్కువగా చంపే పని పెట్టుకోవు. ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రొటీన్ వదులుతాయి, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకు సాయపడతాయి, సీడీ8 కణాల జ్ఞాపకం ఏళ్ల తరబడి నిలిచేలా చూస్తాయి. సీడీ4 కణాలనే దెబ్బతీసే హెచ్ఐవీ ఉన్నవాళ్లలో వాటి కౌంటు మరీ పడిపోకముందే సర్పి కనపడటం అందుకే. పని అయ్యాక మంట చల్లార్చేవి రెగ్యులేటరీ టీ కణాలు, 2025 నోబెల్ వీటికే. వయసు, స్టెరాయిడ్లు, కిడ్నీ మార్పిడి మందులు ఈ కాపలాను పలచబరుస్తాయి. సీబీసీ (రక్తకణాల లెక్క) పరీక్షలో లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల శాతం చూసి ఇదేదీ తేల్చలేం. అందులో టీ, బి, ఎన్‌కే కణాలన్నీ కలిసి ఉంటాయి.

మంత్రంతో తగ్గిందంటారే, ఆ పేరు నిజానికి టీ కణాలకు రావాలి. ఏమీ చేయకపోయినా రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు మాడతాయి. నష్టం ఎక్కడంటే, మంత్రానికి పెట్టిన మూడు రోజులే మందుకు విలువైన 72 గంటలు. ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకు ఐదుసార్లు, లేదా వాలాసైక్లోవిర్ 1 గ్రాము మూడుసార్లు, ఏడు రోజులు డాక్టరు రాస్తారు. మందు వైరస్ పెరగడాన్ని ఆపుతుందంతే, ఊడ్చేసేది టీ కణాలే. పసర్లు పూస్తే పుండ్లు చీము పడతాయి. ముక్కు కొన మీద పొక్కు వస్తే అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు పోవాలి.

టీకా షింగ్రిక్స్ 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. అది ముఖ్యంగా పెంచేది సీడీ4 కణాలనే. యాభై దాటినవాళ్లకు రెండు డోసులు, మధ్య 2 నుంచి 6 నెలలు. ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు, రెండోది వేయించుకుంటే సరి. 2-8 డిగ్రీల్లో ఉంచాలి. రోహిణి కార్తెలో నెల్లూరు నుంచి తీసుకెళ్తూ సీసాను నేరుగా ఐసు మీద పెడితే గడ్డకడుతుంది. గడ్డకట్టిన డోసు పారేయాల్సిందే.

కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఒక్క మాట. కనిగిరి వైపు వీళ్లు తక్కువేం కాదు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ఎసైక్లోవిర్ పూర్తి డోసు వాడితే మందు ఒంట్లో పేరుకుని మనిషి మగతగా పడుంటాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. గాలి సోకిందని మళ్లీ మంత్రగాడి దగ్గరకు తీసుకుపోకండి. మాత్రలు ఆపి, ఆ చీటీ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.