ఆ సొమ్ము ఎవరి కోసం వచ్చింది

నిన్న సాయంత్రం మా కౌంటీ కమిషనర్ల సమావేశానికి వెళ్లాను. ఒహాయోలో ఇన్నేళ్లుగా ఉంటున్నా అలాంటి చోట కూర్చోవడం ఇదే మొదలు. చర్చ ఓపియాయిడ్ల (వ్యసనంగా మారే నొప్పి మందుల) పరిహారం సొమ్ము గురించి.

నొప్పి మాత్రలు ఊళ్లను ముంచెత్తాయని వేసిన దావాల్లో మందుల పంపిణీ సంస్థలు మెక్‌కెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బర్గెన్, తయారీ సంస్థ జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 2,600 కోట్ల డాలర్ల వరకు చెల్లిస్తామని 2021లో ఒప్పుకున్నాయి. పంపిణీ సంస్థల వాటా 18 ఏళ్లపాటు విడతలుగా వస్తుంది. ఒహాయోలో 30 శాతం నేరుగా స్థానిక ప్రభుత్వాలకే చెందుతుంది.

ఒకరు షెరీఫ్ విభాగానికి వాహనాలు కావాలన్నారు. తర్వాత ఒక తల్లి లేచారు. చికిత్స ముగించుకుని వచ్చిన కొడుక్కి ఉండటానికి చోటే దొరకలేదని, వ్యసనం తిరగబెట్టకుండా వాడే బ్యూప్రెనార్ఫిన్ మందు రాసే డాక్టరు పక్క కౌంటీలో ఉన్నారని చెప్పారు. ఆవిడ గొంతు వణకలేదు. నాకే కళ్లు చెమర్చాయి.

ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు ఇచ్చే నాలోక్సోన్ మందు ప్రాణం నిలుపుతుంది. మర్నాటి నుంచి ఆ మనిషికి మందు, ఇల్లు, పని, తోడు కావాలి. ఈ డబ్బు ముందు అక్కడికే వెళ్లాలని గట్టిగా నమ్ముతున్నాను. 1998లో పొగాకు కంపెనీలు రాష్ట్రాలకు చెల్లిస్తామని చేసుకున్న ఒప్పందం సొమ్ములో చాలా భాగం రాష్ట్రాల మామూలు ఖర్చుల్లో కలిసిపోయింది. ఈసారి షరతులు రాశారు గానీ, అనుమతించిన ఖర్చుల జాబితా చాలా విశాలం.

ఇక్కడి తెలుగువాళ్లు కూడా రండి, ఎవరైనా మాట్లాడవచ్చు. వచ్చే సమావేశంలో నేనూ పేరు రాయించుకుంటాను. చికిత్సకు ఎంత, కోలుకునేవారి వసతికి ఎంత ఇచ్చారో ఏటా ప్రజల ముందు పెట్టమని అడుగుతాను.