మా పిన్ని చద్దన్నం, నా పిట్యూటరీ

పోయినేడాది ఎమ్మారైలో, మెదడు కింద ఉండి హార్మోన్లు వదిలే నా పిట్యూటరీ గ్రంథి మీద 6 మిల్లీమీటర్ల కణితి బయటపడింది. ప్రొలాక్టినోమా అంటారు, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్‌ని ఎక్కువగా వదిలే కణితి. క్యాన్సర్ కాదు, ఆపరేషన్ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు క్యాబర్గోలిన్ మాత్ర వేసుకుంటే చాలన్నారు. ఆ రోజు నుంచి మా పిన్ని వీడియోలు మొదలయ్యాయి. పొద్దున్నే చద్దన్నంలో పెరుగు కలుపుకుని తింటే పేగుల్లో మంచి బాక్టీరియా పెరిగి కణితి కరిగిపోతుందట. మొదట నవ్వొచ్చింది, తర్వాత కూర్చుని చదివితే అది మరీ గాలి మాటేం కాదనిపించింది. అంటే, కరగడం సంగతి కాదు, పేగుకీ పిట్యూటరీకీ చుట్టరికం ఉండొచ్చన్న సంగతి.

డాక్టరుగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, గ్యాస్ మాత్రలు వేసుకుంటారా అని. మనం పరగడుపున మింగే గ్యాస్ క్యాప్సూల్స్ చాలావాటిలో డాంపెరిడోన్ ఉంటుంది, అది ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది. ఆ మందు మెదడులోకి పెద్దగా వెళ్ళదు, రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ ఆపేస్తుంది. కానీ పిట్యూటరీ ముందు భాగం ఆ గోడకి బయటే ఉంది! ఇల్లు తలుపేసి ఉన్నా అరుగు మీద కూర్చున్నవాళ్ళకి వీధిలో దుమ్మంతా తగిలినట్టు, రక్తంలో ఏం తిరిగితే అది ఈ శనగగింజంత గ్రంథికి తగులుతుంది.

మరి పేగు బాక్టీరియా తయారుచేసేవీ రక్తంలోకి వస్తాయి కదా. మనం తిన్న పీచుని అవి పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు చేస్తాయి. పాడి ఆవుల పిట్యూటరీ కణాల మీద వీటిని వేసి చూస్తే గ్రోత్ హార్మోన్, ప్రొలాక్టిన్ జన్యువుల పని తగ్గిందని 2013లో ఒక పేపర్ వచ్చింది. అంతకుముందే, 2004లో, జపాన్‌లో అసలు బాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకలని కాస్త ఇరుకులో పెడితే వాటిలో ఏసీటీహెచ్ అనే ఒత్తిడి హార్మోన్ మామూలు ఎలుకల కంటే ఎక్కువ పెరిగింది. అదీ పిట్యూటరీ హార్మోనే.

అయితే ఇదంతా గిన్నెలో కణాలు, పంజరంలో ఎలుకలు. మనుషుల్లో కణితి ఉన్నవాళ్ళ మలం, లేనివాళ్ళ మలం పోల్చి బాక్టీరియాలో తేడాలున్నాయన్నారు, కానీ ఏది ముందు? పిట్యూటరీ కణితి గ్రోత్ హార్మోన్‌ని ఎక్కువగా వదిలితే వచ్చే అక్రోమెగలీ అనే జబ్బులో పెద్దపేగే సాగి పొడవవుతుంది, దానికిచ్చే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ పేగు కదలికని మార్చేస్తుంది, అలాంటప్పుడు బాక్టీరియా మారకుండా ఎలా ఉంటుంది? కణితి వల్లే పేగు మారిందేమో, ఎవరు చూడొచ్చారు.

గ్యాస్ క్యాప్సూల్ డాక్టరుగారు మార్చేశారు. క్యాబర్గోలిన్ సోమవారం, గురువారం రాత్రి తిన్నాక వేసుకుంటున్నాను. చద్దన్నం కూడా తింటున్నాను, మాగాయ ముక్క నంజుకుని. ఆవుల సంగతీ పీచు సంగతీ పిన్నికి చెప్పడమే పొరపాటయింది, ఇప్పుడు రాగి సంగటి వీడియోలు వస్తున్నాయి.