డబ్బాలో పోసిన పొడి

రాత్రి పదకొండు దాటినా సాంబారు పొడి డబ్బా వంటింటి గట్టు మీదే ఉంది. అలమరలో పెట్టబుద్ధి కావడం లేదు, పారేయడానికి చేయి రావడం లేదు. నిద్ర ఎలాగూ పట్టదు, రాసేస్తే మనసు కాస్త తేలిక పడుతుందేమో.

పొద్దున్నే పెద్దవాడు సింగపూర్ నుంచి ఫోన్ చేశాడు. ఆదివారం తప్ప చేయని వాడు మామూలు రోజున చేస్తే ముందు గుండె ఝల్లుమంటుంది. "అమ్మా, ఇంట్లో మసాలా పొడులు ఏమేం ఉన్నాయి?" అని అడిగాడు. అక్కడి ప్రభుత్వ ఆహార సంస్థ ఈ 2024 ఏప్రిల్ 18న ఒక చేపల కూర మసాలాను దుకాణాల నుంచి వెనక్కి రప్పించమని ఆదేశించిందట. అంతకు ముందే, 5వ తేదీన, హాంకాంగ్ వాళ్ళు నాలుగు రకాల పొడుల పేర్లు బయటపెట్టారట. వాటిలో సాంబారు పొడి కూడా ఉంది. అన్నీ మన దేశంలో తయారైనవే, ఏ వీధి చివర కొట్లో చూసినా వేలాడుతూ కనిపించే కంపెనీలవే. ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువు ఆనవాళ్ళు వాటిలో దొరికాయి. ఆసుపత్రుల్లో సిరంజిల వంటి వాటిని శుద్ధి చేయడానికి వాడేది ఇదే. పొడుల్లో, దినుసుల్లో సూక్ష్మజీవులు చావడానికి కూడా పట్టిస్తారు. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ దీన్ని చేర్చింది.

మా ఇంట్లో చేపల మసాలా ఎందుకుంటుంది! ఈయనకు నెల్లూరు పులుసు తప్ప మరొకటి చేపల కూరే కాదు. చింతపండు పులుసు, మామిడికాయ ముక్కలు, దించే ముందు మెంతులూ ఆవాలూ వేయించి కొట్టిన పొడి, అంతే. సాంబారు పొడి మాత్రం, అత్తయ్యగారు మంచం పట్టిన దగ్గర నుంచి, పొట్లంలోదే.

"ఏ కంపెనీదో, బ్యాచ్ నంబరు ఎంతో చూడమ్మా" అన్నాడు వాడు.

ఎక్కడ చూడను? పొట్లం కత్తిరించి డబ్బాలో పోసి కవరు చెత్తబుట్టలో వేస్తాం. అడుగున పాత పొడి రెండు చెంచాలు మిగిలి ఉండగానే కొత్తది పైన పోస్తాం. పసుపూ అంతే, ధనియాల పొడీ అంతే. మా వీధిలో ఏ వంటింటికి వెళ్ళి అడిగినా ఇదే సంగతి. కంపెనీ తన తప్పును గుర్తు పట్టడానికి ముద్రించే అంకెలన్నీ కవరు మీదే ఉంటాయి. మనం దాచుకునేది పొడిని. అసలు మన వాళ్ళు వంటింట్లో ఎలా సర్దుకుంటారో తెలిసిన మనిషి ఒక్కరైనా ఆ అంకెలు ఎక్కడ వేయాలో ఆలోచించి ఉండరు.

సాయంత్రం కొట్టుకు వెళ్ళాను. ఏ కంపెనీది ఇచ్చారో గుర్తుందా అని అడిగితే కొట్టాయన తల కూడా ఎత్తలేదు. "అవి బయటి దేశాలకు పంపే సరుకు గొడవ అమ్మా, మనకొచ్చేవి వేరే" అన్నాడు. నాకు ధైర్యం చెబుతున్నాననుకున్నాడు! బయటికి పంపేది మరింత జాగ్రత్తగా చేస్తారని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా, మంచి జీడిపప్పు, మంచి రొయ్య అంతా ఓడ ఎక్కేస్తుందని. అంత జాగ్రత్తగా పంపిన దాన్నే వాళ్ళు వద్దంటే, ఇక్కడ మిగిలిన దాని సంగతి ఏమిటని ఆయనకు తోచలేదు. పక్కన నిలబడిన పెద్దమనిషి ఒకాయన అందుకుని, "మన కడుపులు అన్నిటికీ అలవాటు పడ్డాయి లెండి" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కడుపులు అలవాటు పడవు. మా పిన్నత్తగారు ఏమీ అలవాటు లేని మనిషి, ఆవిడకు ఆ క్యాన్సర్ జబ్బు ఎందుకు వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. దానికీ దీనికీ ముడి పెట్టడం లేదు. కానీ కారణం తెలియకుండా మనుషులు పోతున్న ఊళ్ళో ఆ మాట అనేసి నవ్వడం ఎలా సాధ్యమో నాకు అర్థం కాదు.

ఇంటికి వచ్చి చిన్నదాని చేత కంప్యూటర్‌లో వెతికించాను. మనకు చట్టం లేక కాదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టంలో 28వ సెక్షన్ ఉన్నదే దీనికోసం. తన సరుకు నిబంధనలకు తగ్గట్టు లేదని తయారీదారుకు అనుమానం వస్తే వెంటనే బజారు నుంచీ, వాడుకునే వాళ్ళ నుంచీ కూడా, కారణం చెప్పి వెనక్కి తీసుకోవాలి. 2017లో దీనికి విడిగా నిబంధనలు కూడా వచ్చాయి. వాడుకునే వాళ్ళ నుంచి అన్న మాటను మళ్ళీ మళ్ళీ చదివాను. వాడుకునేది నేనే కదా. నా దగ్గరికి ఎలా వస్తారు? 2005లో బ్రిటన్‌లో మన దేశం నుంచి వెళ్ళిన కారంలో సుడాన్-1 అనే రంగు బయటపడింది. బూటు పాలిష్‌కు వాడే రంగు అది. ఆ కారం ఒక సాసులో కలిసింది, ఆ సాసు ఇంకెన్నో వంటకాల్లో కలిసింది. నాలుగు వందలకు పైగా రకాలను అల్మారాల్లోంచి తీయించి, జాబితా జనానికి ఇచ్చారు. మన కారం ఏ గిన్నెలోకి వెళ్ళిందో వాళ్ళు అంత దూరం వెతికి పట్టుకున్నారు.

మన దగ్గర చేతకాదని కూడా అనలేను. 2015లో నూడుల్స్ గొడవ గుర్తుంది కదా. సీసం ఎక్కువుందన్నారు, జూన్‌లో మా వీధి కొట్లోంచి కూడా పొట్లాలు మాయమయ్యాయి, చిన్నది రెండు పూటలు అలిగింది. వేల టన్నులు పోగు చేసి సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో కాల్చేశారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, అది వేరే కథ. తలచుకుంటే చివరి కొట్టు దాకా కబురు వెళ్తుందని మాత్రం అప్పుడు చూశాం. ఇప్పుడు కూడా దేశమంతటా నమూనాలు తీస్తున్నారని వార్త వచ్చింది. తీయనివ్వండి, చూద్దాం.

అమ్మమ్మ కత్తిపీట పొద్దుటి నుంచి కళ్ళ ముందు కదులుతోంది. ఆవిడ దగ్గర కూర్చున్న వాళ్ళకే తెలుస్తుంది. మడత కాలు పీట మీద నొక్కి పెట్టి, వంకాయను నిలువునా చీల్చి, ఒక్కసారి వెలుగు వైపు తిప్పి చూసేది. పుచ్చు ఉంటే మాట్లాడకుండా పెరట్లోకి విసిరేది. బెండకాయ, దొండకాయ, కాకరకాయ, ప్రతిదీ ఆ అంచు దగ్గర తెరుచుకోవాల్సిందే. పొద్దున్నే కూరలు తెచ్చే మనిషిని మర్నాడు గుమ్మంలోనే పట్టుకుని, "నిన్న ఇచ్చిన కాకరకాయల్లో సగం ముదురు, తీసుకెళ్ళు" అని తిరిగి ఇచ్చేది. అతను తీసుకెళ్ళేవాడు కూడా. పని అవగానే కత్తిపీటను కడిగి, పడుకోబెట్టి, గోడకు చేర్చేది. దాన్ని దాటితే మా వీపు పగిలేది. పీట కొసన ఉన్న కోరుతో కొబ్బరి కోరే హక్కు మాత్రం పెద్ద మనవరాలిగా నాకు దక్కింది. ఫాల్గుణంలో మిరపకాయలు మేడ మీద ఎండబోసి, తొడిమలు తీసే రోజున ఇల్లంతా తుమ్ములే. ఒక్కొక్క కాయను వేళ్ళతో నొక్కి, గింజల గలగల వింటేనే రోట్లోకి వెళ్ళనిచ్చేది. తెల్లబడిన కాయలను తాలు కాయలని విడిగా తీసేది. మా చేతులు రెండు రోజులు మండేవి, ఆముదం రాసేది. రోకలి పోటు మొదలయ్యాక వీధిలో పోయే వాళ్ళు కూడా తుమ్ముతూ వెళ్ళేవాళ్ళు.

అది తలచుకుని మధ్యాహ్నమే నిశ్చయించుకున్నాను, ఇకమీదట ఏ పొడీ కొనను అని. ధనియాలు, కందిపప్పు, శనగపప్పు, మెంతులు, మిరియాలు, ఎండుమిరప, కరివేపాకు, వేయించి కొట్టుకోవడం ఎంత పని? చీటీ కూడా రాసి ఈయన చేతికి ఇచ్చాను.

ఇప్పుడు కూర్చుంటే అంత నమ్మకంగా లేదు. అమ్మమ్మ కళ్ళకు పుచ్చు కనిపించేది, మందు కనిపించదు. ఇవాళ వంకాయలో పుచ్చు లేదంటే మందు బాగా కొట్టారని అర్థం. మిరప అంతకన్నా ఎక్కువ మందు తాగే పంట. కళ్ళంలో ఆరబోసిన కాయ మీద అకాల వాన పడిందంటే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, బాండీలో ఎంత వేయించినా అది పూర్తిగా పోదు. అసలు ఆ వాయువును పట్టించేది కూడా దినుసుల్లో చేరే సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులను చంపడానికే. సింగపూర్ వాళ్ళు కూడా దినుసుల శుద్ధికి దాన్ని వాడవచ్చనే అంటారు, మోతాదు దాటి మిగలకూడదు అంతే. కొద్దిగా తింటే వెంటనే ప్రమాదం లేదు, ఎక్కువ కాలం తింటేనే ఇబ్బంది అని కూడా చెప్పారు. కాబట్టి ఇంట్లో కొట్టినంత మాత్రాన గండం గడిచిందని నేను అనుకోలేను. రుచి బాగుంటుంది, అది నిజం. కొట్టుకుంటాను. కానీ పరీక్ష చేయవలసింది పరికరాలున్న వాళ్ళు, తేలింది నాకు చెప్పవలసింది కూడా వాళ్ళే.

ఇవాళ జరిగిన మంచి కూడా ఒకటి రాయాలి. ఆవకాయ తిరగకలిపాను. నూనె చక్కగా పైకి తేలింది, ముక్క గట్టిగా ఉంది. రైతు బజారులో ముక్కలు కొట్టే అబ్బాయి ఈసారి ప్రతి ముక్కకూ టెంక ఉండేలా కొట్టి ఇచ్చాడు.

రేపు ఆ కొట్టుకు మళ్ళీ వెళ్తాను. వెనక్కి పిలిచిన పొడుల పేర్లు ఒక అట్ట మీద రాసి, తక్కెడ పక్కన వేలాడదీయమని అడుగుతాను. వేరే దేశం వాళ్ళు ఇచ్చిన జాబితా మనకెందుకంటాడు. తెలుగులో నేనే పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్తున్నాను, చిన్నదాని రంగు పెన్నులు ఉన్నాయి. ఒప్పుకోకపోతే మా గేటుకు కడతాను.