ప్రగతి స్కాలర్‌షిప్‌తో లాప్‌టాప్ కొనుక్కున్నా - నా అనుభవం

మాది కందుకూరు పక్కన పల్లెటూరు, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఒంగోలు వైపు సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీటొచ్చింది. నాయనకి ఎరువుల కొట్టు, ఆదాయం రెండున్నర లక్షలు దాటుద్ది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. ఫీజు కట్టేసరికే ఇంట్లో అయిపోయింది, ఇంక లాప్‌టాప్ ఎక్కడ? ఉన్న ఒక్కటీ అన్న హైదరాబాద్ తీసుకెళ్ళాడు, వాడి ఉద్యోగం సెట్టయ్యాక నీకు చూద్దాంలే అన్నారు.

ల్యాబ్‌లో సిస్టంకి ఇద్దరం. కీబోర్డ్ ముందు అబ్బాయి, పక్కన అబ్జర్వేషన్ బుక్కులో అవుట్‌పుట్ రాసుకుంటా నేను. నా రికార్డు నీట్‌గా ఉందని సార్ మెచ్చుకునేవాడు గానీ, ఫర్ లూప్ బ్రాకెట్ పక్కన సెమీకోలన్ పడితే లూప్ ఖాళీగా తిరిగేసి కింద లైను ఒక్కసారే ఎందుకు ప్రింట్ అవుద్దో కొట్టి చూసే ఛాన్సే రాలా. సాయంత్రం ల్యాబ్ తెరిచే ఉంటది, అబ్బాయిలు కూర్చుంటారు, మేము బస్సుకి పరిగెత్తాలి. ఆడపిల్లలకి కోడింగ్ ఎక్కదు అంటే అందుకే నాకు ఒళ్ళు మండుద్ది, ముందు సిస్టం చేతికివ్వండి.

సీనియర్ అక్క చెప్తే తెలిసింది, ఏఐసీటీఈ (టెక్నికల్ చదువుల్ని చూసే కేంద్ర మండలి) వాళ్ళ ప్రగతి స్కాలర్‌షిప్ అని, టెక్నికల్ కోర్సుల్లో చేరిన అమ్మాయిలకే. ఏడాదికి 50 వేలు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపుండాలి, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల వరకు ఇస్తారు. ఫీజుకే కాదు, కంప్యూటర్ కొనుక్కోడానికీ వాడుకోవచ్చు. క్లాసులో సగం మందికి ఈ పేరే తెలీదు.

సచివాలయంలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ తొందరగానే వచ్చింది. అసలు తంటా అప్లై చేసేటప్పుడు వచ్చే ఆధార్ ఓటీపీతో. నా ఆధార్‌కి ఉంది నాయన నంబరు, ఆయనేమో కొట్లో బేరాల్లో ఉండి ఫోన్ చూసేసరికి టైమైపోయేది. నా పేరు మీద సిమ్ తీసుకుంటానంటే "ఆడపిల్లకి సొంత నంబరెందుకే" అని నాయనమ్మ గొడవ, అమ్మే నా పక్కన నిలబడి ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళి నంబరు మార్పించింది, ఆ రోజు అమ్మ లేకపోతే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

ఇంకోటి, 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు కదా, ఆధార్‌లో ప్రకాశం, ఇన్‌కమ్ సర్టిఫికెట్లో నెల్లూరు. కాలేజీ ఆఫీసులో వెరిఫికేషన్ చేసే ఆయన ఏందమ్మా ఇది అని పక్కన పెట్టేశాడు, మండలం ఒకటే కదా సార్ అని చూపించాక అప్రూవ్ కొట్టాడు. బ్యాంకులో ఆధార్ లింక్ ఉంటే సరిపోదు, ఎన్‌పీసీఐ సీడింగ్ (ఆధార్ మీద వచ్చే సర్కారు డబ్బులు ఏ ఖాతాలో పడాలో నమోదు చెయ్యడం) అయిందా అని విడిగా అడగండి, డబ్బులు పడేది దాన్ని బట్టే.

డబ్బులు పడ్డాక ఒంగోల్లో లాప్‌టాప్ కొన్నాం. ఇప్పుడు ల్యాబ్‌లో కీబోర్డ్ ముందు నేనూ కూర్చుంటున్నా, అడిగి మరీ.

ఫస్టియర్లో ఉన్నవాళ్ళు, లేటరల్ ఎంట్రీ (నేరుగా సెకండియర్లో చేరడం) అయితే సెకండియర్ వాళ్ళు, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ తెరవగానే అప్లై చెయ్యండి. పాలిటెక్నిక్ అమ్మాయిలకీ ఉంది. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేసుకోవాలి, నాది ఈసారి కాలేజీ వెరిఫికేషన్‌లో ఉంది.